ఏడీహెచ్‌డీతో హాస్టల్లో ఉంటూ బీటెక్ చదవడం: రోజువారీ అలవాట్లు ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న (ఈసీఈ రెండో సంవత్సరం విద్యార్థిని, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్నాను. పోయిన వేసవిలో ఒక మానసిక వైద్యుడు నన్ను పరీక్షించి నాకు, ధ్యాస నిలపడమో కుదురుగా ఉండడమో కష్టమయ్యే సమస్య అయిన ఏడీహెచ్‌డీ ఉందనీ, అందులోనూ కుదురుగా కూర్చోలేని రకం కాకుండా ధ్యాస నిలవని రకమనీ చెప్పారు. మందు మొదలైన తర్వాత ఉదయం పూట పాఠాలు వినగలుగుతున్నాను. అయితే విన్నంత మాత్రాన పనులు పూర్తి కావడం లేదు.

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కళాశాలలో ఉన్నాను. అక్కడ తెల్లవారుజామునే లేపేవారు, స్టడీ అవర్లో వెనక ఒకరు తిరుగుతూ ఉండేవారు, వారాంతపు పరీక్ష తప్పేది కాదు, ఫోను చేతికి ఇచ్చేవారు కాదు. మార్కులు బాగానే వచ్చాయి గాని, ఆ జీవితం మళ్లీ కావాలని మాత్రం కోరుకోను. ఇక్కడ లేపేవారూ లేరు, అడిగేవారూ లేరు. ల్యాబ్ అయిన రోజునే రికార్డు రాసేద్దామని గదికి వస్తాను. పుస్తకం తెరిచి, పెన్సిల్ చెక్కడానికి లేచి, కాసేపటికి బీరువా సర్దుతూ కనిపిస్తాను. పీకల మీదికి వచ్చినప్పుడు మాత్రం తెల్లవార్లూ కూర్చుని నాలుగైదు ప్రయోగాలు రాసేసి, మరునాడు తరగతిలో నిద్రపోతాను. అసైన్‌మెంట్ తేదీలు వాట్సాప్ గ్రూపులో వచ్చే మాట నిజమే, కానీ వాటి మీద మరో వంద సందేశాలు వచ్చి పడతాయి. మా కళాశాలలో ఒక్కో సబ్జెక్టుకు ఇంటర్నల్ మార్కులే 40 కాబట్టి ఈ చిన్న చిన్న పనులే నన్ను ముంచుతున్నాయి. “ఇంటర్లో చదివిన పిల్లవు ఇప్పుడెందుకు చదవలేవు, ఇదంతా బద్ధకం” అని నాన్నగారు అంటున్నారు.

రోజూ పాటించదగినవి, నాలుగు రోజుల ముచ్చటగా మిగలనివి, ఏమైనా అలవాట్లు ఉంటే అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (ఎంటెక్ విద్యార్థి)

నాకు కూడా ఏడీహెచ్‌డీ ఉంది, నేను కూడా అలాంటి ఇంటర్ కళాశాల నుంచే వచ్చాను. అక్కడ మన చేత చదివించింది మన పట్టుదల ఒక్కటే అనుకోకండి. ఆ గంటలు, ఆ హాలు, పక్కన తల వంచుకుని చదువుతున్న పిల్లలు, అందరూ కలిసి చదివించారు. బీటెక్‌లో ఆ చట్రాన్ని ఒక్కసారిగా తీసేస్తారు. ఏం చేయాలో మనకు బాగా తెలుసు, ఆ వేళకు మొదలుపెట్టడమే చేతకాదు. అందువల్ల “రేపటి నుంచి గట్టిగా చదవాలి” అనే తీర్మానాలు మనకు పనికిరావు. గుర్తుపెట్టుకోవడం, మొదలుపెట్టడం, సమయం గమనించడం అనే మూడు బాధ్యతలనూ తలకు అప్పగించకుండా గోడకు, సంచికి, పక్క మనిషికి అప్పగించాలి. ఆ చట్రాన్నే మళ్లీ కట్టుకోవాలి, ఈసారి మన ఇష్టప్రకారం, తిట్లు లేకుండా.

ముందుగా రికార్డు సంగతి. గదికి వెళ్లి రాయాలన్న ఆలోచనను మానేయండి, ఎందుకంటే గదిలో మంచం ఉంటుంది, బీరువా ఉంటుంది. ల్యాబ్ నుంచి నేరుగా గ్రంథాలయానికి వెళ్లండి. రికార్డు, స్కేలు, చెక్కిన పెన్సిళ్లు రెండు, గ్రాఫ్ కాగితాలు ఎప్పుడూ ఒకే సంచిలో ఉండాలి, వాటిని మరే పనికీ బయటికి తీయకూడదు. ప్రయోగం పేరు, ఉద్దేశం, పరికరాల పట్టిక, సర్క్యూట్ బొమ్మ ల్యాబ్‌కు వెళ్లే ముందే వేసి ఉంచుకుంటే ఆ సాయంత్రం రీడింగులు, గ్రాఫు, ఫలితం మాత్రమే మిగులుతాయి. మనలాంటివారు ఖాళీ పేజీ ముందు బిగుసుకుపోతారు గాని, సగం నిండిన పేజీని ముగించడానికి అంతగా వెనకాడరు. ఇక “ఖాళీ దొరికితే రాస్తాను” అనుకుంటే ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు. “మంగళవారం ల్యాబ్ గుమ్మం దాటగానే గ్రంథాలయం మెట్లెక్కుతాను” అని ఒక సందర్భానికి ఒక పనిని ముడిపెట్టాలి. ఈ పద్ధతిని 1990లలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరంగా చర్చించారు. నాకు తెలిసినంతలో ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఇంతకంటే చవకైన సాధనం లేదు.

రెండోది పక్కన మనిషి. ఆ మనిషి మీకు పాఠం చెప్పనక్కరలేదు, మీ సబ్జెక్టు కానక్కరలేదు, తన పని తాను చేసుకుంటూ ఎదురుగా కూర్చుంటే చాలు. కూర్చునే ముందు “ఈ గంటలో నేను రెండు గ్రాఫులు పూర్తి చేస్తాను” అని ఆమెకు చెప్పాలి, లేచేటప్పుడు చూపించాలి. హాస్టల్లో అలాంటివారు దొరకకపోతే సెలవు రోజుల్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదివేవారు వరుసగా కూర్చుని ఉంటారు, వారి మధ్య ఫోను బయటికి తీయడానికి మనకే మొహమాటంగా ఉంటుంది. అశోక్‌నగర్‌లో నెలకింత అని కట్టించుకునే స్టడీ హాళ్లు కూడా ఉన్నాయి. డబ్బు కట్టామన్న బాధ వల్ల వెళ్లేవారికి అవి కూడా మంచివే.

మూడోది గడియారం. ఫోనులో సమయం చూడబోయి ఇన్‌స్టాగ్రామ్‌లో తేలడం మనకు మామూలే కాబట్టి, ముళ్లున్న గడియారం ఒకటి బల్లకు ఎదురుగా పెట్టుకోండి. ఇంకా ఎంత సమయం మిగిలిందో ముల్లు కదలికలో కంటికి కనిపిస్తుంది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో దాన్ని మొదలుపెట్టారు. మొదట్లో 25 నిమిషాలు ఎక్కువనిపిస్తే 10 నిమిషాలతో మొదలుపెట్టండి. పనిలో లీనమైపోయాక గంట మోగిందని లేచిపోవలసిన పని లేదు, కానీ భోజనానికీ నిద్రకూ వేరే అలారాలు పెట్టుకోవాలి, లేకపోతే మెస్ మూసేస్తారు.

ఒక హెచ్చరిక: రంగురంగుల టైంటేబుల్ గీయడానికి ఒక రాత్రిని ఖర్చు చేయకండి. అది గీస్తేనే చదివేసినంత తృప్తి కలుగుతుంది, మరునాడు దాని మొహం కూడా చూడరు.

జవాబు (ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకురాలు)

అమ్మా, పైన రాసిన విషయాలతో నేను ఏకీభవిస్తున్నాను. అధ్యాపకుల వైపు నుంచి మరికొన్ని చెబుతాను.

తేదీల కోసం వాట్సాప్ గ్రూపును నమ్ముకోవద్దు. జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను ఒకటి ఉంచుకుని, తరగతిలో తేదీ చెప్పిన క్షణంలోనే రాసుకో. రాత్రి పడుకునే ముందు దాన్ని తెరిచి మరునాటికి కావలసినవి సంచిలో పెట్టుకో. ఐడీ కార్డు, గది తాళం, కాలిక్యులేటర్ తలుపు పక్కన ఒకే మేకుకు తగిలిస్తే పొద్దున్నే వెతుకులాట తప్పుతుంది. ముందు వరుసలో కూర్చోవడాన్ని పిల్లలు చిన్నతనంగా భావిస్తారు గాని, ధ్యాస చెదిరేవారికి బోర్డుకూ తమకూ మధ్య తలలు తక్కువ ఉండడమే మేలు.

గడువు దాటాక వచ్చి కారణం చెప్పే విద్యార్థులు మాకు ప్రతి సెమిస్టర్లోనూ తారసపడతారు. గడువుకు రెండు రోజుల ముందే వచ్చి “మేడమ్, ఇంతవరకు చేశాను, ఇక్కడ ఆగిపోయాను” అని చెప్పేవారు చాలా అరుదు, అలాంటివారిని ఎవరూ కసురుకోరు. నీ మెంటర్‌ను వారానికి ఒకసారి ఐదు నిమిషాలు కలిసి, రికార్డు ఎంతవరకు వచ్చిందో చూపిస్తానని అడుగు. ఏడీహెచ్‌డీ సంగతి అందరికీ చెప్పాల్సిన అవసరం లేదు, నమ్మకం కలిగిన ఒక్కరికి చెబితే చాలు. హాజరు విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. జేఎన్టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం ఉండాలి, అనారోగ్యం వంటి కారణాలు చూపితే 65 వరకు మినహాయింపు ఇవ్వవచ్చు, అంతకంటే తగ్గితే డిటెయిన్ అవుతావు.

నాన్నగారి మాటకు నొచ్చుకోకు. ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా వచ్చేది కాదు, నిర్ధారణ చేయాలంటే 12 ఏళ్లలోపే లక్షణాలు కనిపించి ఉండాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం. బడి రోజుల్లో ఎన్ని లంచ్ బాక్సులు పోగొట్టావో, ప్రోగ్రెస్ కార్డులో టీచర్లు ఏం రాశారో అమ్మానాన్నలకే బాగా గుర్తుంటుంది. వీలైతే ఈసారి ఆయనను కూడా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లు. ఈ మాట నీ నోట వినడం వేరు, డాక్టరు గారి నోట వినడం వేరు.

జవాబు (అమెరికాలో ఎంఎస్ చదువుతున్న విద్యార్థి)

మేడమ్ గారు చెప్పిన జేబు పుస్తకం నా విషయంలో పనిచేయలేదు, ఎందుకంటే ఆ పుస్తకమే పోయేది. నాకు ఫోను క్యాలెండరే ఆధారం. అయితే అలారం తరగతి మొదలయ్యే వేళకు పెట్టి లాభం లేదు, గదికి తాళం వేయవలసిన వేళకు పెట్టాలి. దానికి “చెప్పులు వేసుకో, బయటికి నడువు” అని పేరు కూడా పెట్టుకోవాలి, లేకపోతే ఎందుకు మోగిందో తెలియక ఆపేస్తాం.

మీకు ఎంఎస్ ఆలోచన ఉంటే ఇంకొక మాట. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షను, 1990 నాటి వైకల్యాల చట్టం ఆధారంగా ఏడీహెచ్‌డీ ఉన్నవారు పరీక్షలో అదనపు సమయమో, విడి గదో కోరవచ్చు. దానికి నిర్ధారణ పత్రాలు అవసరమవుతాయి కాబట్టి అక్కడి వైద్యుని నివేదికలను ఇప్పటి నుంచే జాగ్రత్త చేసుకోండి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో లోపాలు ఉన్నాయి గాని, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. ఇది సవరించవలసిన విషయమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మందు గురించి కూడా అడగవచ్చునా? నేను పొద్దున మిథైల్‌ఫెనిడేట్ వేసుకుంటున్నాను. మధ్యాహ్నం మెస్‌లో అన్నం చూస్తేనే తినబుద్ధి కావడం లేదు, సాయంత్రానికి నీరసంగానూ చిరాకుగానూ ఉంటోంది. పరీక్షల ముందు మా గదిలోవారు “మాకూ ఒకటి ఇవ్వు” అని అడుగుతున్నారు.

జవాబు (మానసిక వైద్యురాలు)

ఆకలి తగ్గడం ఈ మందుతో తరచుగా కనిపించేదే. మాత్ర వేసుకునే ముందే ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తినండి. మధ్యాహ్నం ఆకలి లేకపోయినా పెరుగన్నం, అరటిపండు, గుడ్డు వంటివి కొంచెమైనా వేళకు తినండి, ఆకలి తిరిగి వచ్చే రాత్రి పూట తృప్తిగా తినండి. సాయంత్రపు చిరాకులో కొంత మందు ప్రభావం తగ్గడం వల్ల, కొంత ఖాళీ కడుపు వల్ల కావచ్చు. బరువు తగ్గుతున్నా, గుండె దడ అనిపించినా వెంటనే మీ వైద్యునికి చెప్పండి, మోతాదును మాత్రం మీరే మార్చుకోకండి. మాత్రను ఆలస్యంగా వేసుకున్నా, దానికి తోడు కాఫీ ఎక్కువగా తాగినా నిద్ర పాడవుతుంది. పడుకునే వేళ అటూ ఇటూ అయినా లేచే వేళ మారకుండా చూసుకోండి, ఫోను మంచానికి దూరంగా చార్జింగులో పెట్టండి.

స్నేహితులకు ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కింద నియంత్రణలో ఉన్న మందు, చీటీ ప్రతిని మందుల దుకాణం వారు తమ దగ్గర ఉంచుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదకరం కావచ్చు, మరొకరికి ఇవ్వడం చట్టరీత్యా కూడా తప్పే. ఇది ప్రతి దుకాణంలోనూ దొరకదు కాబట్టి ఆఖరి మాత్ర దాకా ఆగకుండా వారం ముందే కొత్త చీటీ రాయించుకోండి. మిడ్ పరీక్షల వారంలో మందు అయిపోయిందని పరుగెత్తుకు వచ్చే విద్యార్థులను చూస్తూనే ఉంటాం.

నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్, ఆందోళన, కుంగుబాటు కూడా ధ్యాసను చెదరగొడతాయి. మందు వాడుతున్నా నీరసం తగ్గకపోతే రక్తపరీక్షల గురించి అడగండి. మనసు బాగా కుంగినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబు (ఎంటెక్ విద్యార్థి)

మీరు మొదట అడిగిన “నాలుగు రోజుల ముచ్చట” సంగతి మిగిలిపోయింది. మనకు ఆరంభశూరత్వం తప్పదు. కొత్త టైమరో, కొత్త చోటో ఉన్నంతకాలం ఉత్సాహం ఉంటుంది, ఆ తర్వాత అదే వస్తువు కంటికి ఆనదు. అప్పుడు అలవాటు విఫలమైందని మానేయకుండా వస్తువును మార్చండి. గ్రంథాలయం విసుగు పుడితే ఖాళీ తరగతి గదికి వెళ్లండి, అలారం వినబడకుండా పోతుంటే దాని శబ్దం మార్చండి, స్నేహితురాలు ఊరెళితే వీడియో కాల్‌లో ఇంకొకరిని ఎదురుగా పెట్టుకోండి. సందర్భానికి పనిని ముడిపెట్టడం అనే ఒక్క సూత్రాన్ని వదలకపోతే చాలు.

ఇక్కడ చెప్పినవన్నీ సోమవారం నుంచి ఒకేసారి మొదలుపెట్టాలని మీకు ఈపాటికే అనిపిస్తూ ఉంటుంది. దయచేసి అలా చేయకండి. ఈ నెలకు మంగళవారపు ల్యాబ్ రికార్డు ఒక్కటే పెట్టుకోండి. మిగతావి మిడ్స్ అయ్యాక చూసుకోవచ్చు.