సుత్తి దెబ్బలాంటి కూత: ఏ నైట్‌జార్?

విశాఖలో కంబాలకొండ అడవి అంచున, సముద్రం వైపున్న తుప్పల్లోంచి మే 18 నుంచి రోజూ ఓ నైట్‌జార్ (రాత్రిపూట తిరిగే పక్షి) కూత వినిపిస్తోంది. సాయంత్రం 6:50కి మొదలై ఇరవై నిమిషాలపాటు, సెకనుకొకటి చొప్పున "చౌంక్... చౌంక్", అచ్చం దుంగ మీద సుత్తితో కొట్టినట్టు. ఇండియన్ నైట్‌జార్ కూత చివర గులకరాయి దొర్లినట్టుండే ఆ "ర్ర్ర్" మాత్రం లేదు. ఫోన్‌లో పక్షుల యాప్ ఒకరోజు ఇండియన్ అంది, మర్నాడు జెర్డాన్స్ (మరో నైట్‌జార్ జాతి) అంది. రికార్డు చేస్తే అలల హోరే ఎక్కువ. టార్చి వేస్తే దారి మీద ఎర్రగా మెరిసే కళ్లు, లేచి ఎగిరేటప్పుడు తోక అంచున తెలుపు. ఆ తెలుపు ఈ జాతులన్నింట్లోనూ మగవాటికి ఉంటుంది, తేలడం లేదు. గుడ్లు పెట్టే కాలం కదా, కూత ప్లే చేసి పిలవడం నాకిష్టం లేదు. కూతను బట్టి ఇది జెర్డాన్సేనా, లేక లార్జ్-టెయిల్డ్ నైట్‌జారా?