‘తగ్గించవచ్చు’ అంటే ఎంత నమ్మకం?

ప్రశ్న: విశాఖలో ఆరోగ్య పరిశోధనల సమీక్షలను తెలుగులో పెడుతున్నాం. ‘తేనెతో పిల్లల దగ్గు తగ్గించవచ్చు’ అని రాశాం. సరేనా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: సరిపోదండీ. ‘వాన రావచ్చు’ అన్నప్పుడు రాకపోవచ్చు కూడా. ‘తేనెతో దగ్గు తగ్గించవచ్చు’ అంటే మాత్రం దారి దొరికేసినట్టే. కేజీహెచ్ ఓపీ దగ్గర పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ తల్లికి అలాగే అర్థమవుతుంది. ‘తేనె వల్ల దగ్గు తగ్గవచ్చు’ అనండి, అనుమానం నిలుస్తుంది.

వైద్య పరిశోధనల్ని తూచే గ్రేడ్ (GRADE) పద్ధతిలో ఆధారాల బలానికి నాలుగు మెట్లున్నాయి. గట్టి ఆధారముంటే ‘తగ్గిస్తుంది’ అని తేల్చి చెబుతారు. అట్టడుగున ‘తగ్గుతుందో లేదో ఇంకా చెప్పలేం’. చిక్కంతా మధ్య రెండింటితోనే. రెండో మెట్టుకి ‘బహుశా’ వాడదామంటే, మనం ‘బహుశా రావచ్చు’ అని రెండూ కలిపేసి మాట్లాడతాం, మెట్ల తేడా పోతుంది. నేనైతే రెండో మెట్టుకి ‘తగ్గే అవకాశం ఎక్కువ’, మూడోదానికి ‘తగ్గవచ్చు’ ఖాయం చేసుకుంటాను.

వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ తేనె మీద 2018లో ఇచ్చిన సమీక్ష ముగింపులో ఈ రెండు మెట్లూ ఉన్నాయి. తెలుగులో ఇలా పెట్టొచ్చు: ‘మందేమీ ఇవ్వకపోవడం కంటే తేనె ఇస్తే దగ్గు ఉపశమించే అవకాశం ఎక్కువ. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందుతో పోలిస్తే పెద్ద తేడా ఉండకపోవచ్చు.’ ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదన్న మాట మాత్రం ఏ ‘వచ్చు’ లేకుండా రాయండి.

మరొకరు: మాస్టారూ, ‘అవకాశం’తో జాగ్రత్త. మన తుపాను హెచ్చరిక కేంద్రం ‘వర్షాలు కురిసే అవకాశం’ అంటే చెవికి బాగానే ఉంటుంది. ‘మరణించే అవకాశం ఎక్కువ’ అంటే ఒళ్ళు జలదరిస్తుంది. చెడుకి ‘ముప్పు’ అనాలి.

జవాబు: నిజమేనండీ, చెడు ఫలితాలకి ‘ముప్పు’ అనే రాయాలి. ఇంకొకటి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. అధ్యయనాలు చిన్నవై ఏదీ తేలనప్పుడు కూడా ‘మందు పనిచేయదు’ అని రాసేస్తున్నారు. ‘పనిచేయదని తేలింది’ వేరు, ‘పనిచేస్తుందని తేలలేదు’ వేరు. గణాంక నిపుణులు ఆల్ట్‌మన్, బ్లాండ్ 1995లోనే బీఎంజే అనే వైద్య పత్రికలో దీని మీద హెచ్చరించారు. తెలుగులో ఆ తేడా చెప్పడానికి వ్యతిరేకార్థాన్ని ‘పనిచేయడం’ మీద పెడుతున్నామా, ‘తేలడం’ మీద పెడుతున్నామా చూసుకుంటే చాలు.

ప్రశ్న: మరి ‘ఆధారాలు లేవు’ అంటే?

జవాబు: అధ్యయనాలే దొరకనప్పుడు మాత్రమే అలా రాయండి. ఉండీ బలహీనమైతే ‘ఉన్న ఆధారాలతో తేల్చలేం’ అనండి.