యాక్సెసిబిలిటీలో రిలీజ్ ఆపే అధికారం ఎవరికి ఉండాలి?

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సంస్థలో యాక్సెసిబిలిటీ (ఉత్పత్తులను దివ్యాంగులూ వాడగలగడం) గవర్నెన్స్‌ను సమీక్షిస్తున్నాం, సలహా కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ కోరే సమాన అవకాశాల విధానం ఉంది. ఉద్యోగులు 20 మంది కంటే చాలా ఎక్కువ కాబట్టి, 2017 నిబంధనల మేరకు లైజన్ ఆఫీసర్ కూడా ఉన్నారు.

చిక్కంతా అధికారం దగ్గరే. లైజన్ ఆఫీసర్ హెచ్‌ఆర్‌కు చెందినవారు. నియామకాలు, ర్యాంపులు, సదుపాయాలు చూడగలరు. స్క్రీన్ రీడర్‌తో (తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పేమెంట్ పేజీ పనిచేయకపోయినా రిలీజ్ ఆపలేరు. లోపంతోనే రిలీజ్ చేయడానికి మినహాయింపు ఎవరిచ్చారో, ఎప్పటితో ముగుస్తుందో ఎక్కడా రాయరు, అందుకే తాత్కాలికమన్నవి అలాగే ఉండిపోతాయి. బోర్డుకు వెళ్లేది ఆటోమేటెడ్ స్కాన్ స్కోరొక్కటే. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మను మాటల్లో చెప్పే వివరణ) ఉందో లేదో టూల్ చెబుతుంది గానీ, అది సరైనదో కాదో చెప్పలేదు.

2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి యాక్సెసిబిలిటీ ప్రమాణాలు సలహాపూర్వక మార్గదర్శకాల నుంచి వేరుగా ఉండాలని చెప్పాక, దీన్ని 'మంచి పని' ఖాతాలో వదిలేయడం సరికాదు.

మా ఆలోచన: ఇంజినీరింగ్ అధిపతికి జవాబుదారీతనం, గడువు తేదీతో మినహాయింపుల రిజిస్టరు, మూడు నెలలకోసారి దివ్యాంగ ఉద్యోగులు సభ్యులుగా ఉన్న కమిటీ సమీక్ష, కొనుగోలు ఒప్పందాల్లో ఐఎస్ 17802 (డిజిటల్ ఉత్పత్తుల యాక్సెసిబిలిటీకి భారతీయ ప్రమాణం) షరతు.

ఇలాంటి ఏర్పాటు నడిపినవారు చెప్పండి: మినహాయింపుపై సంతకం ఇంజినీరింగ్ అధిపతిదేనా, లేక రిస్క్ విభాగానిదా? కమిటీ అభ్యంతరం చెబితే రిలీజ్ నిజంగా ఆగుతుందా? పాత వెండర్ ఒప్పందాలను రెన్యువల్ దాకా ఆగకుండా మార్చగలిగారా?