పదేళ్ల బాబుని ఏటీవీ ఎక్కించవచ్చా? ఎక్కించినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్కారం. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి మా ఆయన స్నేహితుడి రాంచ్‌కి వెళ్తున్నాం. టెక్సాస్-ఓక్లహోమా సరిహద్దులో పారే రెడ్ రివర్‌కి ఇవతల నలభై ఎకరాలు, చిన్న చెరువు, రెండు ఏటీవీలు, అంటే మట్టి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బళ్లు. మా బాబుకి పదేళ్లు, పాపకి ఆరు. ఆ స్నేహితుడు వీడియో పంపినప్పటి నుంచీ బాబుకి అదే ధ్యాస. మా ఆయనేమో "పెద్దాడికి వెనక కూర్చుని నేర్పిస్తా, పాపని ముందు కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేస్తా. చిన్నప్పుడు మేం ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి వెళ్లలేదా?" అంటున్నారు. బళ్లు ఒకటి 450 సీసీ, ఇంకోటి 570. హెల్మెట్లున్నాయి కానీ పెద్దవాళ్లవే. వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, సరేనంటే నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

తుల్సా నాన్న:
అమ్మా, మీవారు చెప్పినట్టే నేనూ చేశాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మూడేళ్ల క్రితం మావాడికి తొమ్మిదేళ్లు. తెలిసినవాళ్ల పొలంలో వాణ్ణి ముందు కూర్చోబెట్టి, హ్యాండిల్ వాడి చేతికిచ్చి, నేను వెనక కూర్చున్నాను. నెమ్మదిగానే వెళ్తున్నాం. చెరువు గట్టు ఎక్కుతుండగా ముందు చక్రం ఏదో గుంటలో పడి ఎగిరింది. వాడు భయపడి హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నాడు. ఈ బండికి యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద ఉంటుంది. భయంతో పిడికిలి బిగిస్తే అది ఇంకా నొక్కుకుంటుంది. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. నా బరువంతా వెనకే ఉంది కదా, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నేను వెనక్కి పడ్డాను, బండి పక్కకి ఒరిగింది. హ్యాండిల్ కింద మావాడి ఎడమ చెయ్యి. మూడు వందల కిలోలకి పైగా ఉండే బండిని నేనూ ఇంకొకరూ కలిసి ఎత్తాం. మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయి, ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఇప్పుడు బాగానే క్రికెట్ ఆడుతున్నాడు. కానీ నేను గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చేస్తే లేచి ఇంట్లోకి వెళ్లిపోతాడు.

ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్లీ ఆ బండి దగ్గరికి వెళ్లి మడ్‌గార్డు మీది స్టిక్కర్ చదివాను. పదహారేళ్ల లోపువాళ్లు నడపకూడదనీ, రెండో మనిషిని ఎక్కించుకోకూడదనీ స్పష్టంగా రాసి ఉంది. సీటు పొడుగ్గా ఉంటే ఇద్దరికనే అనుకున్నాను. కాదు. నడిపేవాడు గట్టు ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి, మలుపులో లోపలి వైపుకి జరగడానికే ఆ పొడవు. రెండో మనిషి కూర్చుంటే జరిగే చోటే ఉండదు. మనం చిన్నప్పుడు స్కూటర్ మీద నాన్న ముందు నిలబడి తిరిగినవాళ్లం, ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చుకుంటున్నాం. పాపని ముందు కూర్చోబెట్టుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పిల్లల కోసం వేరే బళ్లు వస్తాయి. ఆరేళ్లు, పదేళ్లు, పన్నెండేళ్లు దాటినవాళ్లకని స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. పదేళ్లవాళ్ల బండిని పెద్దవాళ్లు గంటకి 15 మైళ్లు దాటకుండా బిగించి ఇవ్వచ్చు. వయసు సరిపోయినా ఒళ్లు సరిపోవాలి. ఫుట్‌రెస్టుల మీద నిలబడితే సీటుకీ పిల్లాడికీ మధ్య కనీసం మూడు అంగుళాలు ఉండాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పినా చేతులు అందాలి. వేళ్లు బ్రేక్ లివర్‌ని చుట్టి పట్టాలి. మావాణ్ణి ఎక్కించే ముందు ఇందులో ఒక్కటీ చూడలేదు నేను.

హ్యూస్టన్ నర్సు:
నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను. పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పదహారేళ్ల లోపువాళ్లని అసలు ఏటీవీ ఎక్కించొద్దనే చెబుతుంది, చిన్న బండి అయినా సరే. నా మాటా అదే. ఒకవేళ ఎక్కి పడితే, పైకి గీత కూడా లేకపోయినా కడుపుకి హ్యాండిల్ తగిలిందేమో అడగండి. లోపల కాలేయమో ప్లీహమో చిట్లితే పిల్లలు కొన్ని గంటలు మామూలుగానే కనిపిస్తారు. కడుపు నొప్పి, వాంతి, ముఖం పాలిపోవడం ఉంటే ఇంట్లో పడుకోబెట్టకండి.

ఇంకో మాట, గేటు బయటి తారు రోడ్డు మీదకి అస్సలు తీసుకెళ్లొద్దు. ఆ టైర్లు మట్టి కోసం చేసినవి, తారు మీద పట్టుకుని మలుపులో బండి బోల్తా పడుతుంది.

కొంపల్లి నుంచి:
వికారాబాద్ వైపు రిసార్టుల్లోనూ ఇవి తిప్పుతున్నారు. మొన్న చూశాను, చున్నీ వేసుకున్న అమ్మాయిని అలాగే ఎక్కించారు. గుడ్డ వెనక చక్రంలో పడితే ఎంత ప్రమాదం! ఎక్కే ముందు చున్నీ తీసేయాలి, జడ ముడి వేసుకోవాలి, చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి. వాళ్లు చెప్పరు, మనమే చూసుకోవాలి.

ఫ్రిస్కో అమ్మ:
తుల్సా నాన్నగారూ, మీరు రాసింది మా ఆయనకి పైకి చదివి వినిపించాను. చెయ్యి సంగతి వచ్చేసరికి ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదువుకున్నారు. స్నేహితుడికి ఫోన్ చేసి, పిల్లలున్నంతసేపూ రెండు బళ్ల తాళాలూ తన జేబులోనే పెట్టుకోమన్నారు. బాబుకి ఏప్రిల్‌లో పిల్లల బండి మీద ట్రైనింగ్ ఇప్పిద్దామంటున్నారు, ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కోర్సు. నర్సుగారి మాట విన్నాక దానికీ నేనింకా సరేననలేదు. ఒకవేళ పంపితే హెల్మెట్ ఎలా చూసి కొనాలి?

తుల్సా నాన్న:
సైకిల్ హెల్మెట్ పనికిరాదు. గడ్డం దాకా కప్పేది, డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నది కొనండి, దాంతోపాటు కళ్లకి గాగుల్స్. షాపుకి బాబుని తీసుకెళ్లండి, పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవద్దు. పెట్టి, పట్టీ బిగించి, హెల్మెట్‌ని పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బుగ్గల చర్మం కూడా దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వాడి సైజు కాదు.