బైపీసీ చదివిన తమ్ముడికి పైలట్ దారి ఉందా? 5 లక్షలు అడ్వాన్స్ కట్టమంటున్నారు

పలాస అక్క
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్, బైపీసీ. పైలట్ అవుతానని ఒకటే పట్టు మీదున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఈ నెలాఖరులోగా 5 లక్షలు కడితే సీటు ఖాయం, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాన్న జీడితోట తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయారు. వాడికి కళ్లద్దాలు కూడా ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి
అమ్మా, ఆ 5 లక్షలు కట్టొద్దు. ఉద్యోగం గ్యారంటీ అని ఎవరన్నా సరే, అక్కడితో మాట ఆపేయండి. ఎయిర్‌లైన్ తన పరీక్ష, ఇంటర్వ్యూ తనే పెట్టుకుంటుంది, మధ్యవాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ముందు మెడికల్. డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో క్లాస్ 2, అంటే మొదటి మెడికల్ పరీక్ష చేసే డాక్టర్ల జాబితా ఉంది, అక్కడ మొదలుపెట్టండి. అది అయ్యాక క్లాస్ 1, అది ఇంకా కఠినమైన పరీక్ష. ఇదంతా వేలల్లో తేలిపోతుంది. అద్దాలున్నాయని భయం వద్దు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. అసలు చూడాల్సింది రంగుల చూపు. రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవమంటారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాడికి అక్కడే ఆగిపోతుంది, దానికి ఆపరేషనూ లేదు, మందూ లేదు. ఫోన్‌లో చూసి సరిపెట్టుకోవద్దు, స్క్రీన్ రంగులు మోసం చేస్తాయి. బీపీ, బరువు, రక్తం తక్కువ లాంటివాటికి 'టెంపరరీ అన్‌ఫిట్' రాస్తే కంగారు పడొద్దు. బాగుచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. పాత జబ్బు మాత్రం దాచొద్దు.

ఇక చదువు. దీనికి కావాల్సినవాటిలో బైపీసీలో ఫిజిక్స్ ఉంది, లేనిది లెక్కలు. ఎన్ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్) పన్నెండో తరగతి మ్యాథ్స్ ఒక్క సబ్జెక్టే కట్టి రాయొచ్చు. ఆ లెక్కలు ఎందుకంటారా? నావిగేషన్‌లో, అంటే విమానం దారి లెక్కగట్టడంలో, ఒక సూత్రం ఉంది: 60 నాటికల్ మైళ్లు (విమానాలు, ఓడల దూరం కొలిచే మైళ్లు) వెళ్లాక దారికి 1 మైలు పక్కకు జరిగామంటే 1 డిగ్రీ తప్పినట్టు. 120 మైళ్ల ప్రయాణంలో సగం దూరానికి 3 మైళ్లు పక్కకు వెళ్లాడనుకోండి. 3 డిగ్రీలు తిప్పితే పాత దారికి సమాంతరంగా పోతాడు, అంతే. ఊరు చేరాలంటే ఇంకో 3 కలిపి 6 డిగ్రీలు తిప్పాలి. కుర్రాడికి ఈ రెండో 3 ఎందుకో బొమ్మ గీసి చెప్పడం వస్తే, పరీక్షలకు పనికొస్తాడు.

లైసెన్సు కోసం రాసే నావిగేషన్, మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (నిబంధనలు), టెక్నికల్ పేపర్లలో దేనికైనా 70 శాతం రావాలి. రేడియో పరీక్ష వేరు. పేపర్లు ముందే పాసై ఫ్లయింగ్‌కి వెళ్లినవాడికి హాస్టల్ ఖర్చు, కాలం రెండూ కలిసొస్తాయి.

బొబ్బిలి కోట
డబ్బు సంగతి నేను చెప్తాను. లైసెన్సుకి 200 గంటల ఫ్లయింగ్ కావాలి, అందులో 100 గంటలు వాడే కెప్టెన్‌గా నడపాలి. మన దేశంలో ఇది 50 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ తర్వాత ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానం నడపడానికి వేరే శిక్షణ, అది మరో 15 నుంచి 20 లక్షలు. చాలామంది ఈ రెండో లెక్క మర్చిపోయి సగంలో చిక్కుకుంటున్నారు.

జీడితోట విషయం: బాకీ కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకులు దాన్ని తాకట్టుగా తీసుకోవడానికి ఇష్టపడవు. ఇల్లు, ఇళ్ల స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే తీసుకుంటాయి. తోట మీద బయట వడ్డీకి తేవొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. 40 లక్షల లోన్ 11 శాతానికి 15 ఏళ్లు పెట్టినా నెలకు సుమారు 45,500 కట్టాలి. లైసెన్సు వచ్చిన మర్నాడే ఉద్యోగం రాదు, ఏడాది రెండేళ్లు ఖాళీగా ఉన్నా ఆ కంతు కట్టగలరా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

స్కూలుకి వెళ్తే బిల్డింగు చూడొద్దు, హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు) చూడండి. మొత్తం విమానాలెన్ని, ఈ రోజు ఎగిరేవెన్ని, విద్యార్థులెంతమంది, పోయిన నెల ఒక్కొక్కరికి ఎన్ని గంటలు పడ్డాయి అని అడగండి. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి (పూర్తిగా విప్పి బాగుచేయడానికి) పోయి రెండు విమానాలు మూలనుంటే, వానాకాలం కూడా తోడైతే, ఏడాదిన్నర కోర్సు మూడేళ్లు లాగుతుంది. ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు, ఎగిరిన గంటల లెక్కన విడతలుగా కట్టేలా కాగితం మీద రాయించుకోండి. 2025 నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, అవీ చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్ దగ్గర ఇగ్రువా అనే ఫ్లయింగ్ స్కూలు ప్రభుత్వ సంస్థ, ఎంట్రన్స్ రాసి చేరాలి.

పలాస అక్క
చాలా థ్యాంక్స్ అండీ. డబ్బు కట్టడం ఆపించాను. వాడి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. ఇబ్బందా?

నాగావళి
ఇబ్బందే, ఇప్పుడే సరిచేయించండి. టెన్త్ మెమోలో ఎలా ఉంటే ఆధార్, పాస్‌పోర్టు అలాగే ఉండాలి. ముందు ఆధార్ మార్పించి, తర్వాత పాస్‌పోర్టుకి అప్లై చేయండి. పరీక్షలకు డీజీసీఏ కంప్యూటర్ నంబరు (పరీక్ష రాసేవాడికి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకునేటప్పుడు ఇవన్నీ పోల్చి చూస్తారు, ఒక్క అక్షరం తేడాతో అప్లికేషన్ వెనక్కొస్తుంది. మెమో ఒరిజినల్ లామినేషన్ మాత్రం చేయించకండి.