√(ఎక్స్ + √(ఎక్స్ + √ఎక్స్)) అవకలజంలో ‘1 +’ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న (ఇంటర్ ఎంపీసీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. √(√(√ఎక్స్)) ను చైన్ రూల్‌తో అవకలనం చేసేటప్పుడు ఒక్కొక్క వర్గమూలానికి ఒక్కొక్క భిన్నం రాసి మూడింటినీ గుణిస్తే సరిపోతోంది. అదే ప్రమేయాన్ని ఎక్స్ ఘాతం 1/8 గా మార్చి సరిచూసినా తేడా రావడం లేదు. అయితే √(ఎక్స్ + √(ఎక్స్ + √ఎక్స్)) కు అభ్యాసం చివర ఇచ్చిన జవాబులో మాత్రం బ్రాకెట్లో ‘1 +’, దాని లోపలి బ్రాకెట్లో మళ్లీ ‘1 +’ ఉన్నాయి. రెండు చోట్లా ఉన్నవి మూడు వర్గమూలాలే, వాడే నియమమూ ఒకటే. మరి జవాబుల రూపం ఇంతగా మారడానికి కారణమేమిటో, పరీక్షలో తడబడకుండా రాసే పద్ధతి ఏదో వివరించగలరా?

జవాబు 1 (గణిత అధ్యాపకుడు)

అమ్మా, చైన్ రూల్ రెండు చోట్లా ఒకే విధంగా పనిచేస్తోంది. మారినదల్లా వర్గమూలం లోపల ఉన్న ప్రమేయం. √(√(√ఎక్స్)) లో ప్రతి వర్గమూలం కింద మరో వర్గమూలం ఒక్కటే ఉంది. రెండో ప్రమేయంలో ప్రతి వర్గమూలం కింద ఉన్నది ఒక మొత్తం, ఆ మొత్తంలో ఎక్స్ కూడా ఒక పదం. మొత్తాన్ని అవకలనం చేస్తే ఎక్స్ నుంచి 1, పక్కనున్న వర్గమూలం నుంచి దాని అవకలజం వస్తాయి. ఎక్స్ స్థానంలో స్థిరసంఖ్యలు ఉండి ఉంటే, అంటే √(2 + √(3 + √ఎక్స్)) అయితే, వాటి అవకలజం సున్నా కనుక జవాబు మళ్లీ కేవలం లబ్ధంగానే మిగిలేది.

రాసే పద్ధతి విషయానికొస్తే, బయటి నుంచి లోపలికి ఒకే వరుసలో రాసుకుంటూ పోవడం కంటే లోపలి నుంచి పేర్లు పెట్టుకుంటూ రావడం మేలని నా అభిప్రాయం.

యు = √ఎక్స్, యు′ = 1/(2యు)
వి = √(ఎక్స్ + యు), వి′ = (1 + యు′)/(2వి)
వై = √(ఎక్స్ + వి), వై′ = (1 + వి′)/(2వై)

ఎక్స్ = 1 వద్ద యు′ = 0.5, వి = 1.4142, వి′ = 0.5303, వై = 1.5538 కాబట్టి వై′ సుమారు 0.4925. కాలిక్యులేటర్‌తో ఎక్స్ = 1.01 వద్ద వై విలువ కడితే 1.5587 వస్తుంది, పెరిగిన 0.0049 ను 0.01 తో భాగిస్తే దాదాపు అదే సంఖ్య. మూడు భిన్నాలను ఊరికే గుణించి ఉంటే 0.057 మాత్రమే వచ్చేది.

జవాబు 2 (మరొక సభ్యుడు)

పై వివరణకు ఒక షరతు చేర్చాలి: ఈ సూత్రం ఎక్స్ > 0 అయినప్పుడే వర్తిస్తుంది. సున్నా వద్ద ప్రమేయం నిర్వచితమే, విలువ 0. కానీ బయటి రెండు ఎక్స్‌లను వదిలేసి చూస్తే వై విలువ ఎప్పుడూ ఎక్స్ ఘాతం 1/8 కంటే తక్కువ కాదు. అందువల్ల వై/ఎక్స్ నిష్పత్తి, ఎక్స్ కుడివైపు నుంచి సున్నాను సమీపించే కొద్దీ, హద్దు లేకుండా పెరుగుతుంది. అక్కడ అవకలజం లేదు. ప్రదేశం అడిగినప్పుడు దీన్ని వదిలేస్తే జవాబు అసంపూర్ణమే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలండీ. ఎంసెట్ మెటీరియల్‌లో ఇదే ప్రమేయాన్ని అనంతంగా కొనసాగించి, వై′ = 1/(2వై − 1) అని ఒక్క వరుసలో తేల్చేశారు. దానికీ మీరు రాసిన మెట్లకూ సంబంధం ఉందా?

జవాబు 3 (గణిత అధ్యాపకుడు)

ఉందమ్మా. అనంతంగా కొనసాగితే వై² = ఎక్స్ + వై అవుతుంది; రెండు వైపులా అవకలనం చేస్తే 2వై·వై′ = 1 + వై′, అంటే నేను రాసిన చివరి మెట్టులో వి బదులు వై ఉన్నట్టే. ఎక్స్ = 1 వద్ద ఈ సూత్రం ఇచ్చే విలువ 1/√5, సుమారు 0.4472. మూడు వర్గమూలాలకు 0.4925 వచ్చింది కదా, నాలుగింటికి 0.4670, ఐదింటికి 0.4551 వస్తాయి, ఒక్కొక్క వర్గమూలం చేర్చే కొద్దీ విలువ 0.4472 వైపు దిగుతూ ఉంటుంది.

ఇక్కడ కూడా ఎక్స్ > 0 అన్న షరతు తప్పదు. ఎక్స్ = 0 అయితే ఎన్ని వర్గమూలాలు తీసుకున్నా విలువ 0 గానే ఉంటుంది; ఎక్స్ ధనాత్మకంగా ఉంటూ సున్నాను సమీపిస్తే మాత్రం వై = (1 + √(1 + 4ఎక్స్))/2 విలువ 1 ను చేరుతుంది. అనంత రూపం సున్నా వద్ద అవిచ్ఛిన్నం కూడా కాదు కనుక, అక్కడ 1/(2వై − 1) లో ఏ సంఖ్యను ప్రతిక్షేపించినా అర్థం ఉండదు.