ఒంటరిగా దేశాలు తిరుగుతూ రిమోట్ ఉద్యోగం: ఈ అలసటకు కారణం ఏమిటి?

ప్రశ్న

నేను సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. ఎక్కడి నుంచైనా పనిచేసుకోవచ్చని మా సంస్థ అనుమతించాక, ఐదు నెలలుగా ఒక్కడినే దేశాలు తిరుగుతూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మొదటి నెల ఎంతో ఉత్సాహంగా గడిచింది. పొద్దున్నే కొత్త వీధుల్లో నడిచి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పని కూడా చకచకా సాగిపోయేది. ఇప్పుడు వారానికొకసారి బస మార్చడం, దిగీదిగగానే వైఫై పనిచేస్తుందో లేదో చూసుకోవడం, మీటింగుకు చప్పుడు లేని మూల వెతుక్కోవడం, వీటితోనే రోజులు గడిచిపోతున్నాయి. ఎంతో ఆశపడి వెళ్ళిన చోట కూడా మనసంతా మర్నాటి పని మీదే ఉంటోంది. పనిలో కూర్చుంటే బయట ఏదో చూడకుండా వదిలేస్తున్నానన్న వెలితి పీడిస్తోంది. గత నెల జ్వరంతో మూడు రోజులు గదిలోనే ఉండిపోయినప్పుడు, నేను ఏ ఊళ్ళో ఉన్నానో కచ్చితంగా తెలిసినవారు ఒక్కరూ లేరని గ్రహించి భయపడ్డాను. నేను ఇంటికి తిరిగి వెళ్ళిపోవాలా, లేక నా పద్ధతిలోనే లోపం ఉందా? ఇలా ఎక్కువ కాలం గడిపినవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

ఆరేళ్ళుగా ఇలాగే పనిచేస్తున్నాను కనుక చెబుతున్నాను. ఒంటరితనం సంగతి తరువాత చూద్దాం, ముందు మీ ప్రయాణ వేగాన్ని చూసుకోండి. వారంలో ఐదు రోజులు ఉద్యోగానికే పోతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి సామాను సర్దుకుని ఊరు మారడానికి, రెండవది కొత్త చోట కుదురుకోవడానికి ఖర్చవుతుంది. అంటే ఐదు నెలలుగా మీకు సెలవన్నదే లేదు. సెలవు పెట్టి వచ్చిన యాత్రికుల వేగంతో ఉద్యోగం చేసుకునేవారు తిరగలేరు. ఒక్కో చోట కనీసం నెల రోజులు ఉండండి. శుక్రవారం రాత్రికో శనివారం ఉదయానికో చేరుకోండి గాని, ఆదివారం అర్ధరాత్రి దిగి సోమవారం ఉదయమే మీటింగులో కూర్చునే పరిస్థితి తెచ్చుకోకండి.

బస ఖాయం చేసుకునే ముందే ఇంటి యజమానిని స్పీడ్ టెస్ట్ ఫలితం పంపమని అడగండి. చాలామంది డౌన్‌లోడ్ అంకె చూసి తృప్తిపడతారు. అయితే మన గొంతూ ముఖమూ అవతలివారికి సరిగా చేరడం అప్‌లోడ్ మీద ఆధారపడి ఉంటుంది. మామూలు వీడియో మీటింగుకు సెకనుకు 3, 4 మెగాబిట్లు చాలు గాని, అది మధ్యలో తెగిపోకుండా నిలకడగా ఉండాలి. ఆ ఇంటి వైఫైతో సంబంధం లేని మొబైల్ డేటా కోసం ఒక ఈసిమ్ (కార్డు పెట్టనక్కరలేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే డిజిటల్ సిమ్) సిద్ధంగా పెట్టుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే, ఒంటరితనానికి గడియారంతో ఉన్న సంబంధాన్ని ప్రస్తావించాలనుకుంటున్నాను. మీ బృందం లిస్బన్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పనిచేస్తుందనుకుందాం. మీరు బ్యాంకాక్‌లో ఉంటే శీతాకాలంలో మీ పనివేళ సాయంత్రం 4 నుంచి రాత్రి 1 గంట వరకు అవుతుంది. మార్చి చివరి ఆదివారం ఐరోపాలో గడియారాలు ముందుకు జరుగుతాయి, థాయిలాండ్‌లో జరగవు; దానితో మీ పనివేళ ఒక గంట ముందే, అంటే మధ్యాహ్నం 3కే మొదలవుతుంది. పగలంతా ఖాళీ దొరికిందని మొదట నాకూ సంబరంగానే ఉండేది. కాని చుట్టుపక్కలవారు తమ పనులు ముగించుకుని నలుగురూ కలిసే సాయంత్రాలన్నీ నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదిలో గడిపాను. మనుషులు దొరకడం లేదని బాధపడ్డాను గాని, వారు కలిసే వేళకు నేనే అందుబాటులో లేనని గ్రహించడానికి చాలా కాలం పట్టింది. తరువాతి ఊరిని ఎంచుకునేటప్పుడు దాని అందంకంటే ముందు మీ బృందానికీ ఆ ఊరికీ ఉన్న కాలవ్యత్యాసాన్ని చూడండి. నా అనుభవంలో మూడు గంటలు దాటితే కష్టమే.

మూడవ సమాధానం

మీరు అడగకపోయినా ఒక విషయం తప్పక చెప్పాలి. సంస్థ అనుమతి వేరు, మీరు అడుగుపెట్టిన దేశం ఇచ్చే అనుమతి వేరు. పర్యాటక వీసా మీద ఉండి రిమోట్ ఉద్యోగం చేసుకోవచ్చా అన్నది దేశానికొక తీరుగా ఉంటుంది. ఎస్టోనియా 2020లో, క్రొయేషియా 2021లో, స్పెయిన్ 2023లో ఇలాంటివారి కోసం ప్రత్యేక అనుమతులను ప్రవేశపెట్టాయి. తమ మధ్య సరిహద్దు తనిఖీలు తొలగించుకున్న ఐరోపా దేశాల సమూహమైన షెంగెన్ ప్రాంతంలో స్వల్పకాలిక బసకు ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులే పరిమితి. ఆ లెక్క సభ్య దేశాలన్నింటికీ కలిపి ఒకటే కనుక, సరిహద్దు దాటి పక్క సభ్య దేశానికి వెళ్ళినంత మాత్రాన మళ్ళీ మొదలు కాదు. పన్ను విషయంలో 183 రోజుల నిబంధన, అంటే సుమారు అర్ధ సంవత్సరం ఉంటే అక్కడ పన్ను కట్టాల్సినవారిగా లెక్కించడం, చాలా దేశాల్లో ఉంది, అయితే అంతకు తక్కువ ఉంటే ఏ బాధ్యతా ఉండదనుకోవడం పొరపాటు. ఏ దేశంలో ఎన్నాళ్ళుంటారో మీ సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతిని కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

నాలుగవ సమాధానం

మీ జ్వరం సంగతి చదివి మనసు కలుక్కుమంది. విదేశంలో ఒక్కదాన్నే ఉండగా కాలు విరిగి, ఆసుపత్రి కాగితాల మీద అత్యవసర సంప్రదింపు అన్న గడి దగ్గర ఎవరి పేరు రాయాలో తోచక ఆగిపోయిన దాన్ని నేను. ఆనాటి నుంచి బస మారిన ప్రతిసారీ చిరునామానూ, ఇంటి యజమాని ఫోన్ నంబరునూ మా అక్కకు పంపుతున్నాను. రోజూ పడుకునే ముందు ఒక్క మాటైనా సందేశం పెడతాను, మర్నాటి మధ్యాహ్నం దాకా అది చేరకపోతే ఆమె ఆ నంబరుకు ఫోన్ చేస్తుంది. బీమా పత్రంలో ఆసుపత్రి ఖర్చులతో పాటు స్వదేశానికి తరలించే ఖర్చు కూడా ఉందో లేదో చదివి చూసుకోండి.

నెల రోజుల సలహాతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించను. నాకు మేలు చేసింది ఎక్కువ రోజులు ఉండడంకంటే, చూసిన ఊరికే మళ్ళీ వెళ్ళడం. రెండవసారి వెళ్ళినప్పుడు ఇంటి యజమాని నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచినప్పుడు కలిగిన ధైర్యం ఏ కొత్త ఊరూ ఇవ్వలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా మాట్లాడుకున్న రెండు బసలను రద్దు చేసుకుని, రెండో నెలలో నాకు బాగా నచ్చిన ఊళ్ళోనే ఆరు వారాలకు గది తీసుకున్నాను. మా బృందానికీ ఆ ఊరికీ రెండు గంటలే తేడా. చిరునామా మా తమ్ముడికి ఇప్పుడే పంపాను. సంస్థకు ఉత్తరం రేపు ఉదయం రాస్తాను.